జాయినింగ్ డేట్ వచ్చేలోపు నాలుగైదు నెలలు ఖాళీ, ఆత్మీయంగా ఎదగడానికి ఎలా వాడుకోవాలి?

ఒంగోలు కుర్రాడు:

అందరికీ వందనాలు. మాది ఒంగోలు. బీటెక్ మెకానికల్ అయిపోయింది, క్యాంపస్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి సెలెక్ట్ అయ్యాను, ఆఫర్ లెటర్ చేతిలో ఉంది. కాకపోతే జాయినింగ్ సంక్రాంతి తర్వాతే అని మెయిల్ పెట్టారు, ఏ ఊళ్లో వేస్తారో కూడా అప్పుడే చెబుతారట. అంటే ఇప్పట్నుంచి ఇంచుమించు నాలుగైదు నెలలు ఇంట్లోనే. ఎల్‌కేజీలో చేరిన దగ్గర్నుంచి ఇంత ఖాళీ నాకు ఎప్పుడూ దొరకలేదు, ఉద్యోగంలో పడ్డాక మళ్లీ దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

తాతల కాలం నుంచి బాప్టిస్టులం. సండే స్కూల్, కంఠత వాక్యాలకి ప్రైజులు, యూత్‌లో కీబోర్డు, ఇవన్నీ అయ్యాయి. బైబిల్ మాత్రం మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా చదవలేదు. ప్రతి జనవరిలో మొదలవుతుంది, ఆదికాండము హాయిగా సాగుతుంది, నిర్గమకాండములో దేవుని ఆరాధన గుడారం కొలతలు వచ్చేసరికి స్పీడు తగ్గుతుంది, లేవీయకాండములో ఆగిపోతుంది. ప్రార్థన అంటే రాత్రి పడుకునేముందు రెండు నిమిషాలు. ఈసారి గట్టిగా ఏదైనా చేయాలని ఉంది. రోజుకి పది అధ్యాయాలు చదివేస్తే సంక్రాంతిలోపు బైబిల్ అయిపోతుందని లెక్కేశాను. రోజూ యూట్యూబ్‌లో ఒకట్రెండు ప్రసంగాలు, వారానికి రెండు రోజులు ఉపవాసం, కుదిరితే మూడు నెలల బైబిల్ ట్రైనింగ్ ఏదైనా. ఇది సరిపోతుందా, ఇంకేమైనా కలపాలా?

ఇంట్లో పరిస్థితి కూడా చెబుతాను. నాన్నకి చిన్న హార్డ్‌వేర్ షాపు ఉంది, ఖాళీగా ఉన్నావుగా వచ్చి కూర్చో అంటున్నారు. అమ్మ ఏదో ఒక కోర్సు చేయమంటుంది. నానమ్మ మాతోనే ఉంటుంది, చూపు బాగా మందగించింది. వీటన్నిటి మధ్య దేవునికి టైమ్ ఎలా కేటాయించాలన్నదే టెన్షన్.

—

హైటెక్ సిటీ బ్రదర్:

బ్రదర్, నీ ప్లాన్ చూస్తే సెమిస్టర్ టైంటేబుల్‌లా ఉంది. తప్పుపట్టడం కాదు, మన చదువులు అలా తయారుచేశాయి మనల్ని. రోజుకి పది అధ్యాయాలన్న లెక్క కరెక్టే, మొత్తం 1189 అధ్యాయాలు కాబట్టి నాలుగు నెలల్లో అయిపోతుంది. అయితే ఏంటి? జనవరిలో నువ్వు పొద్దున్న ఎనిమిదికి క్యాబ్ ఎక్కి రాత్రి తొమ్మిదికి రూముకి వచ్చినప్పుడు పది అధ్యాయాలు ఎక్కడ చదువుతావు? పది కుదరనప్పుడు రెండు చదువుదాం అనిపించదు మనిషికి, మొత్తానికే వదిలేయాలనిపిస్తుంది. మా టీమ్‌లో కొత్తగా చేరే విశ్వాసుల పిల్లల్ని చూస్తూనే ఉన్నాను, ఊళ్లో ఉన్నప్పుడు గంటలు గంటలు ప్రార్థన చేసినవాళ్లే, ఇక్కడికొచ్చాక ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్ర.

అందుకని నా సలహా, ఉద్యోగం వచ్చాక కూడా నిలబడే సైజులో ఒక అలవాటు ఇప్పుడే పెట్టుకో. పొద్దున్నే ఒక అరగంట, ఫోన్ ముట్టుకోకముందు, అంతే. ఒక పాత లెక్క ఉంది, మామూలు రోజుల్లో మూడేసి, ఆదివారం ఐదు అధ్యాయాలు చదివితే వారానికి 23, ఏడాదికి 1196, బైబిల్ అయిపోయి ఏడు అధ్యాయాలు మిగులుతాయి. ఆ పద్ధతి ఉద్యోగంలో కూడా కుదురుతుంది. సంక్రాంతిలోపు బైబిల్ అయిపోకపోతే ఏమీ మునిగిపోదు.

మరి మిగిలిన ఖాళీ అంతా ఏం చేయాలంటావేమో. ఉద్యోగంలో ఉన్నప్పుడు అసలు కుదరనిది ఒకటుంది, బైబిల్లో ఒక పుస్తకాన్ని ఒక్కసారి కూర్చుని మొత్తం చదవడం. మార్కు సువార్త తీసుకో, 16 అధ్యాయాలు, గంటన్నరలో పైకి చదివేయొచ్చు. ఆదివారాల్లో మనం ఎప్పుడూ ముక్కలుగానే వింటాం, ఒక వారం పక్షవాయువుగలవాడు, ఇంకో వారం తుఫాను. మొత్తం ఒకేసారి చదివితే ఆ పరుగు తెలుస్తుంది, పేతురు ‘నీవు క్రీస్తువు’ అన్న 8వ అధ్యాయం దగ్గర కథ మలుపు తిరిగి నేరుగా యెరూషలేము వైపు నడవడం కనిపిస్తుంది. వారం తర్వాత మళ్లీ అదే చదువు. అలా రోమా, యెషయా, యోబు. పెద్ద పుస్తకాలకి రెండు మూడు పూటలు పడుతుంది, నీ దగ్గర పూటలకేం కొదవ లేదు కదా.

ఇంక లేవీయకాండము సంగతి. ఒంటరిగా చదవకు. 16వ అధ్యాయం, ప్రాయశ్చిత్త దినం గురించి, చదివి వెంటనే హెబ్రీయులకు 9, 10 చదువు, ఆ బలి క్రీస్తులో ఎలా నెరవేరిందో అక్కడ ఉంటుంది. 19వ అధ్యాయంలో పొలం కోసేటప్పుడు అంచులు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయండి అని ఉంటుంది. అది చదివాక రూతు తెరువు, నాలుగే అధ్యాయాలు. పరదేశి కోడలు వెళ్లి బోయజు పొలంలో పరిగె ఏరుకుని అత్తను పోషించింది ఆ ఆజ్ఞ వల్లే. మళ్లీ లేవీయకాండము 25వ అధ్యాయంలో బంధువు భూమిని విడిపించే చట్టం చూడు, రూతు నాలుగో అధ్యాయంలో ఊరి గుమ్మం దగ్గర పంచాయితీ మొత్తం దాని మీదే నడుస్తుంది. నిర్గమకాండములో గుడారం కొలతలు రెండుసార్లు ఎందుకు వస్తాయో కూడా గమనించు, 25 నుంచి 31 దాకా ఎలా కట్టాలో దేవుడు చెబుతాడు, 35 నుంచి 40 దాకా వాళ్లు కడతారు, మధ్యలో 32లో బంగారు దూడ. దూడ చేసుకున్న జనం మధ్యకే ఆయన చివరికి వచ్చి నివసించాడు. అది పట్టుకుంటే ఆ కొలతలు బోరు కొట్టవు.

యూట్యూబ్ తగ్గించు. ప్రసంగం వింటే చదివినట్టే అనిపిస్తుంది, సమస్య అక్కడే. ఒకటి అయిపోగానే పక్కన ఇంకోటి వస్తుంది, దాని తర్వాత ఫలానా బోధకుడిది అబద్ధ బోధ అని ఎవరో తిడుతున్న వీడియో వస్తుంది, సాయంత్రానికి నువ్వు వాళ్ల గొడవల్లో నిపుణుడివి అయిపోతావు.

—

పాస్టరమ్మ, గుంటూరు జిల్లా:

బాబూ వందనాలు. పై తమ్ముడు చెప్పింది బాగుంది గానీ అంతా ఒక్కడివే గదిలో కూర్చుని చేసేదే చెప్పాడు. విశ్వాసం గదిలో ఎంత పెరుగుతుందో సంఘంలో అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. మీ అయ్యగారి దగ్గరికి, అదే మీ పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, అయ్యగారూ నాకు నాలుగు నెలలు ఖాళీ ఉంది, మీరు ఇళ్లకి వెళ్లేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్లండి అని అడుగు. ఆయన ఎంత సంతోషిస్తాడో. ఒక కాపరి వారంలో ఏం చేస్తాడో ఆదివారం మాత్రమే వచ్చేవాళ్లకి తెలియదు. సర్వజన ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి ప్రార్థన చేయడం, అప్పుల గొడవలో ఉన్న ఇంటికి వెళ్లి ఏమీ సలహా ఇవ్వకుండా వినడం, మంచాన పడ్డ పెద్దామెకి ప్రభువు బల్ల తీసుకెళ్లి ఇవ్వడం, ఇవి చూస్తే నువ్వు చదివిన వాక్యం ఎక్కడ పనిచేస్తుందో అర్థమవుతుంది.

ఇంకోటి. కీబోర్డు వాయిస్తానన్నావు, చాలామంది వాయించే పిల్లలకి నలుగురిలో నోరు తెరిచి ప్రార్థన చేయడం రాదు, వాయిద్యం వెనక దాక్కుంటారు. గృహ కూటాల్లో చిన్న ప్రార్థన నువ్వు చేస్తానని అడుగు. మొదట్లో మాట తడబడుతుంది, పర్వాలేదు, ఎవరూ నవ్వరు. మూడు నెలల ట్రైనింగ్ గురించి అడిగావు, ఎవరు నడుపుతున్నారో, ఏం నేర్పుతారో మీ అయ్యగారిని అడగకుండా ఎక్కడా డబ్బు కట్టకు.

—

వెనక బెంచీ విశ్వాసి:

పాస్టరమ్మగారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, మీరు చెప్పినట్టు అయ్యగారి వెంట ఇళ్లకి తీసుకెళ్లే సంఘాలు ఎన్ని ఉన్నాయి? ఖాళీగా ఉన్న కుర్రాడు దొరికాడంటే ముందు వాడి చేతికి ఇచ్చేది కేబుల్ చుట్ట. సౌండ్ బాక్సులు మోయి, లైవ్ పెట్టు, స్క్రీన్ మీద పాటలు వేయి, ఫ్లెక్సీ డిజైన్ చేయి. పైగా ఈ కుర్రాడి ఖాళీ సరిగ్గా క్రిస్మస్ సీజన్ మీద పడింది. నవంబరు నుంచే యూత్ మీటింగులు, చందాలు, స్టార్లు కట్టడం, నాటిక ప్రాక్టీసు, సెమీ క్రిస్మస్‌లు, రాత్రి రెండింటి దాకా క్యారల్స్. జనవరి ఒకటి రాత్రి కొత్త సంవత్సరం ఆరాధన అయ్యేసరికి ఒళ్లు హూనం. పరిచర్య చేశానన్న తృప్తి ఉంటుంది, బైబిల్ తెరిచి చూస్తే ఎక్కడ వదిలేశాడో అక్కడే ఉంటుంది. లూకా 10లో మార్త ఇంట్లో జరిగింది ఇదే కదా, చెల్లెలు మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింటుంటే ఈమె పనుల్లో మునిగిపోయింది. ఆమె చేసిన పని చెడ్డది కాదు, ప్రభువుకి వంట చేస్తోంది. అయినా ఆయన ‘అనేకమైన పనులను గూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు’ అన్నాడు.

కుర్రాడికి నా సలహా ఒక్కటే, ఒక పనికి ఒప్పుకో, మిగతావాటికి కాదను. సండే స్కూల్ క్లాసు ఒకటి తీసుకో చాలు. ఎనిమిదేళ్ల పిల్లలకి దావీదు కథ చెప్పాలంటే వారమంతా చదవాలి నువ్వు, వాళ్లడిగే ప్రశ్నలకి ఏ కామెంటరీలోనూ జవాబు ఉండదు. డిసెంబరులో ఎంత హడావిడి ఉన్నా ఒకటి మాత్రం పట్టుకో, లూకా సువార్త 24 అధ్యాయాలు. ఒకటో తారీకున మొదలుపెట్టి రోజుకొకటి చదివితే క్రిస్మస్ ముందురోజుకి పునరుత్థానం దగ్గర ఉంటావు. పశువుల తొట్టి దగ్గరే ఆగిపోయే క్రిస్మస్‌కి అది మంచి మందు.

—

పాస్టరమ్మ, గుంటూరు జిల్లా:

వెనక బెంచీ బ్రదర్, కేబుల్ చుట్ట మాట నిజమే, నవ్వొచ్చింది. మా యూత్‌కి కూడా చూపించాను. అయినా బాక్సులు మోసేవాడు లేకపోతే మీరు వెనక బెంచీలో కూర్చుని వాక్యం ఎలా వింటారో అది కూడా చెప్పండి. ఒక పనికి ఒప్పుకోమన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను. లూకా సంగతి మా సంఘంలో ఈ ఏడాది పెడతాం.

—

రిటైర్డ్ మాస్టారు:

నాయనా, మీ ఊరి పేరు చూసి రాయాలనిపించింది. నేను చాలా ఏళ్లు ఆ జిల్లాలోనే హైస్కూళ్లలో సోషల్ చెప్పాను.

నువ్వు ఎక్కడెక్కడో ట్రైనింగులు వెతుకుతున్నావు గానీ నీ ఇంట్లోనే ఒక పాఠశాల ఉంది, మీ నానమ్మ. చూపు మందగించింది అన్నావు, అంటే ఆమెకి బైబిల్ చదివి వినిపించేవాళ్లు కావాలి. నువ్వు ఇంగ్లీషు మీడియం చదివి ఉంటావు, ఫోన్‌లో ఇంగ్లీషు బైబిలే చూస్తూ ఉండి ఉంటావు, నా అంచనా తప్పయితే క్షమించు. తెలుగు బైబిల్ పైకి చదవడం మీ తరానికి కష్టంగా ఉంది, ‘చేసెదను’, ‘యుండెను’ దగ్గర నాలుక మడతపడుతుంది. రోజూ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని ఐదు కీర్తనలు చదువు, 150 కీర్తనలు నెలకి ఒక చుట్టు. నెమ్మదిగా చదువు. కొన్నిచోట్ల నువ్వు వాక్యం సగంలో ఉండగానే ఆమె మిగతాది చెప్పేస్తుంది, ఆ తరం వాళ్లకి అంత కంఠస్థం. 119వ కీర్తన వచ్చిన రోజు మాత్రం అదొక్కటే పెట్టుకో, 176 వచనాలు. తర్వాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పాటల పుస్తకం తెరిచి ఒక పాట పాడమను. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890 దాకా బతికాడు, ఆయన రాసిన కీర్తనలు మీ నానమ్మ నోట్లో ఇంకా ఉంటాయి. కీబోర్డు వాయిస్తావు కాబట్టి ఆ రాగాలు ఆమె పాడుతుండగా రికార్డు చేసి పట్టుకో, కొత్త పాటలు ఎక్కడికీ పోవు, యూట్యూబ్‌లో ఉంటాయి.

ఇంక రెండో విషయం. ఒంగోలులో పుట్టి ప్రార్థన కొండ ఎక్కావా ఎప్పుడైనా? 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ మీద మోకరించి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలుకి కాపురం వచ్చింది 1866లో. పన్నెండేళ్లు. నీ నాలుగు నెలల ఎదురుచూపు గురించి చులకనగా అనడం లేదు, కాకపోతే ఆ కొండ మీద కూర్చుని ఆ లెక్క వేసుకుంటే వేరేలా ఉంటుంది.

క్లౌ కథ నీకు ఇంకో కారణానికి కూడా చెప్పాలి. ఆయన వయసులో ఉన్నప్పుడు అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. 1876–78 కరువులో ఇక్కడ జనం ఆకలితో చనిపోతుంటే బకింగ్‌హామ్ కాలువ తవ్వే పనిలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి చూపించాడు, అక్కడ ఆ సర్వే చదువు పనికొచ్చింది. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు, కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పనులు ముగిశాకే ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. మీరు తాతల కాలం నుంచి బాప్టిస్టులం అన్నావుగా, మీ ముత్తాతల వాళ్లు ఏ ఊరి నుంచి, ఎప్పుడు సంఘంలోకి వచ్చారో నానమ్మని అడిగి రాసిపెట్టు. తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య గురించి కూడా ఆమెకి తెలిసి ఉండొచ్చు. తోళ్ల వ్యాపారం చేసుకుంటూ ఊరూరా సువార్త చెప్పినవాడు ఆయన. మన ప్రాంతంలో పని నిజానికి వ్యాపించింది అలాంటివాళ్ల కాళ్ల మీద.

—

కువైట్ చెల్లి:

అన్నా ప్రైజ్ ద లార్డ్. మాది కడప వైపు, ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. నీ పోస్టు చదివి ముందు కొంచెం కుళ్లు వచ్చింది, నిజంగా. నాలుగు నెలలు! నాకు శుక్రవారం దొరికితే దొరికినట్టు. ఆ శుక్రవారం కూడా మేడం వాళ్ల ఇంటికి చుట్టాలు వస్తే పోయినట్టే. దొరికిన రోజు మాత్రం సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి కాంపౌండ్‌కి వెళతాం. అక్కడ ఎన్ని దేశాలవాళ్లు, ఎన్ని భాషలవాళ్లు ఆరాధన చేస్తారో, ఒక గదిలో మనవాళ్లు తెలుగులో పాడుతుంటే పక్క గదిలోంచి ఇంకేదో భాషలో పాట వినిపిస్తుంది.

మామూలు రోజుల్లో నేను చేసేది చెబుతాను, నీకు పనికొస్తుందో లేదో. ఇస్త్రీ చేసేటప్పుడు ఒక చెవిలో ఆడియో బైబిల్ పెట్టుకుంటాను. ఒక వారం అంతా ఒకే అధ్యాయం, మార్చను. వినీ వినీ నోటికి వచ్చేస్తుంది. ఫోన్ తీసుకునే ఇళ్లు కూడా ఉన్నాయి అన్నా ఇక్కడ, మొదట పనిచేసిన ఇంట్లో పగలంతా ఫోన్ వాళ్ల దగ్గరే, అప్పుడు నా దగ్గర ఉన్నవి చిన్నప్పుడు సండే స్కూల్‌లో నేర్చుకున్న వాక్యాలే. 23, 91, 121 కీర్తనలు. అవే చెప్పుకుంటూ గిన్నెలు కడిగేదాన్ని. నీకు కంఠత వాక్యాలకి ప్రైజులు వచ్చాయన్నావు, అవి ఇప్పుడు ఎన్ని గుర్తున్నాయో చూసుకో, మరిచిపోయినవి మళ్లీ పట్టు. ఫిలిప్పీయులకు నాలుగే అధ్యాయాలు, మొత్తం నేర్చుకోవచ్చు నీకున్న టైమ్‌లో.

మీ నాన్న షాపులో కూర్చో అన్నా. ఏమనుకోకు గానీ, నాన్న పక్కన రోజూ కూర్చునే అవకాశం ఉద్యోగంలో చేరాక ఉండదు. నేను మా నాన్నని వీడియో కాల్‌లోనే చూస్తున్నా.

—

ఒంగోలు కుర్రాడు:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మాస్టారూ, మీ అంచనా నూటికి నూరుపాళ్లు కరెక్టు, ఇంగ్లీషు మీడియమే, నిన్న సాయంత్రం నానమ్మకి చదువుతుంటే రెండు మూడు చోట్ల ఆమే దిద్దింది. పేరయ్యగారి పేరు చెప్పగానే మా ఊళ్లో వాళ్ల గురించి అరగంట చెప్పింది, అమ్మకి కూడా తెలియని సంగతులు. చెల్లీ, షాపుకి వెళుతున్నాను, మధ్యాహ్నం దాకా.

రెండు విషయాలు మిగిలాయి. ఉపవాసం గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, ప్రార్థనకి కూర్చుంటే ఐదు నిమిషాల్లో మనసు జాయినింగ్ మీదకే పోతోంది. వాళ్లు అసలు పిలుస్తారా, పిలవకపోతే బంధువులకి ఏం చెప్పాలి, ఇదే. మా సీనియర్లలో కొంతమందికి డేట్ మళ్లీ మళ్లీ వెనక్కి జరిపారు. ప్రార్థన అంతా ఉద్యోగం కోసమే అయిపోతోంది, ఇది ఆత్మీయంగా ఎదగడం ఎలా అవుతుంది?

—

స్టాఫ్ నర్స్, వైజాగ్:

ఉపవాసం గురించి నేను చెబుతా, మా వార్డుకి ప్రతి లెంట్‌లోనూ, అంటే ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస కాలంలో, ఒకరిద్దరు వస్తారు కళ్లు తిరిగి పడిపోయి. నీ వయసులో ఆరోగ్యంగా ఉంటే వారానికి ఒకరోజు ఒక పూట మానేయడం వల్ల ఏమీ కాదు, నీళ్లు మాత్రం బాగా తాగు. అలవాటు లేకుండా వారానికి రెండు రోజులు, పైగా నీళ్లు కూడా తాగకుండా, ఇలాంటివి మొదలుపెట్టకు. ఇంట్లో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే నిన్ను చూసి వాళ్లు కూడా ఉంటామంటారు, డాక్టర్ని అడగకుండా ఒప్పుకోవద్దు. మానేసిన పూట ఆ టైములో ఏం చేస్తావన్నదే ముఖ్యం, ఫోన్ చూస్తూ గడిపితే అది డైటింగ్. యెషయా 58 చదువు, తనకిష్టమైన ఉపవాసం ఏదో దేవుడే చెబుతాడు, నీ ఆహారం ఆకలిగా ఉన్నవాడికి పెట్టమంటాడు. షాపులో పనిచేసే కుర్రాడికి ఆ రోజు భోజనం నువ్వు పెట్టించు. స్టేటస్ పెట్టకు, ఉపవాసం మనుషులకి కనబడేలా చేయొద్దని మత్తయి 6వ అధ్యాయంలో ఉంది.

—

హైటెక్ సిటీ బ్రదర్:

ఉద్యోగం గురించి వచ్చే ఆలోచనని తరిమేయాలని చూడకు, తరిమేకొద్దీ వస్తుంది. ముందు దాని గురించే ప్రార్థన చేసేయి, ఉన్నది ఉన్నట్టు, భయంగా ఉంది ప్రభువా, మా పెద్దమ్మ ఫోన్ చేస్తే చిరాకొస్తోంది, ఇలాగే. 13వ కీర్తన చదివావా, ‘ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు’ అని మొదలవుతుంది, ఆరే వచనాలు. దావీదు అలా అడిగినప్పుడు నువ్వు ఎందుకు మర్యాదగా కూర్చోవాలి? ఆ తర్వాత వేరేవాళ్ల కోసం ప్రార్థించు, పేర్లతో. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రాసుకో. ఇందాక కువైట్ నుంచి రాసిన చెల్లి ఉంది, మొదట ఆమెతో మొదలుపెట్టు.

ఎదుగుదల కాదేమో అన్న అనుమానం గురించి. మోషే మిద్యానులో నలభై ఏళ్లు ఉన్నాడు, అక్కడేమీ ధ్యాన కూటాలు జరగలేదు, మామ గొర్రెలు కాశాడు, దేవుడు మాట్లాడిన మండే పొద ఆయనకి కనిపించింది కూడా గొర్రెలు తోలుకుపోతున్నప్పుడే. మార్కు 6లో నజరేతువాళ్లు యేసుని చూసి ఈయన వడ్లవాడు కాడా అంటారు, అంటే ఊరంతటికీ ఆయన పనివాడిగానే తెలుసు. నువ్వు షాపులో మేకులు తూకం వేసే టైమ్‌ని దేవుని ఖాతాలోంచి తీసేసినట్టు రాయకు.

—

వెనక బెంచీ విశ్వాసి:

ఇవన్నీ బాగానే ఉన్నాయి, ఒకటి మర్చిపోతున్నారు. సంక్రాంతి తర్వాత బెంగుళూరో చెన్నైయో వేస్తారు, అప్పుడేంటి? ఏ ఊరో మెయిల్ రాగానే, పీజీ వెతకడానికి ముందే, అక్కడ ఏ సంఘానికి వెళ్లాలో వెతుకు. మీ అయ్యగారిని అడిగితే ఎవరో ఒకరు తెలిసినవాళ్లు ఉంటారు. తెలుగు ఆరాధన దొరికితే సరే, దొరక్కపోతే ఇంగ్లీషుకి వెళ్లు, నీకు భాష సమస్య లేదు. నెలంతా అన్నీ తిరిగి చూసి నచ్చింది ఎంచుకుంటానని అనుకోకు, ట్రైనింగ్ అలసటకి మూడో ఆదివారం నుంచి పక్క దిగవు. చేరిన మొదటి ఆదివారమే వెళ్లు, ఆరాధన అయ్యాక వెంటనే బయటికి పరిగెత్తకుండా ఒక పెద్దాయనతో మాట్లాడి ఫోన్ నంబరు ఇచ్చి రా, రెండో వారం రాకపోతే ఫోన్ చేసేలా. కీబోర్డు వచ్చని మాత్రం మొదటి రోజే చెప్పకు.

—

పాస్టరమ్మ, గుంటూరు జిల్లా:

చెప్పు బాబూ చెప్పు, ఆ మాట వినకు. మా దగ్గర వాయించేవాళ్లు లేక పిల్లలు ఫోన్‌లో ట్రాక్ పెట్టుకుని పాడుతున్నారు.